డి డ్రైవ్ తీసేసి మింట్‌కు కలపవచ్చా? మూడు సిస్టమ్‌ల డిస్క్‌లో గ్రబ్ చెడకుండా జాగా సర్దడం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. విశాఖ మద్దిలపాలెంలో డీటీపీ సెంటరు. ఒకటే కంప్యూటర్, అందులో ఒకటే 1 టీబీ హార్డ్ డిస్క్. పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లు కుదురుగా నడుస్తున్నాయని విండోస్ 7ను వదల్లేదు. బిల్లులకు, యూనివర్సిటీ విద్యార్థులు తెచ్చే వర్డ్ ఫైళ్లకు విండోస్ 10 ఉంది. ఇంటర్నెట్ పనులకు, స్కానింగ్‌కు లినక్స్ మింట్ వాడుతున్నారు. మింట్‌కు ఇచ్చిన 40 జీబీ నిండిపోయింది. దానికి ఎడమ పక్కన 300 జీబీ డి డ్రైవ్ సగానికి పైగా ఖాళీ. డి లో ఉన్నవి వేరే చోటికి తీసి, డి ని డిలీట్ చేసి, ఆ జాగా మింట్‌కు కలిపితే గ్రబ్ మెనూ, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే తెర, పోతుందా అని అడిగారు. డిస్క్ భాగాల పట్టికను జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చేస్తే ఈ బాధలేవీ ఉండవని మీకు ఎవరో చెప్పారట, అదీ అడిగారు. త్వరలో ఎస్‌ఎస్‌డీ కొనే ఆలోచన ఉందని చివర్లో రాశారు.

డి ని డిలీట్ చేస్తే మెనూ పోతుంది. బహుశా కాదు, పోతుంది. అదే పనిని కుడి వైపు నుంచి చేస్తే గ్రబ్‌కు తెలియకుండానే అయిపోతుంది. ఎందుకో తెలిస్తే రేపు డిస్క్ మారినా, సిస్టమ్ మారినా మీరే నిర్ణయించుకోగలరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆదేశాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

డిస్క్‌ను ముట్టుకునే ముందు ఒకటి చూడండి. మింట్‌లో 40 జీబీ నిజంగా మీ ఫైళ్లతోనే నిండిందా? మింట్ వాడేవారిలో చాలామందికి జాగా తినేది, సిస్టమ్ చెడితే వెనక్కి తేవడానికి కాపీలు తీసే టైమ్‌షిఫ్ట్. అది తీసే స్నాప్‌షాట్లు మామూలుగా అదే రూట్ పార్టిషన్‌లో (మింట్ సిస్టమ్ ఉన్న డిస్క్ భాగంలో) టైమ్‌షిఫ్ట్ అనే ఫోల్డర్‌లో పేరుకుపోతాయి. టైమ్‌షిఫ్ట్ తెరిచి, పాతవి తీసేసి, ఎన్ని ఉంచాలో తగ్గించండి. ఆ తర్వాత ఆప్ట్ క్లీన్ నడిపి, అప్‌డేట్ మేనేజర్‌లోంచి పాత కెర్నెల్‌లు తొలగించండి. ఫ్లాట్‌ప్యాక్‌లో పెట్టుకుని మర్చిపోయిన అప్లికేషన్లు కూడా జీబీల్లో ఉంటాయి. దీంతో పది పదిహేను జీబీ తేలితే మీ సమస్య ఇక్కడే ముగియవచ్చు. ముగియకపోయినా ఇది అవసరమే, ఎందుకంటే రూట్ పూర్తిగా నిండి ఉంటే కింద చెప్పే ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ (మింట్ బూట్ అయ్యేటప్పుడు మొదట తెరిచే చిన్న ఫైలు) పని మధ్యలో ఆగిపోతుంది.

ఇక మీ డిస్క్ సంగతి. మీరు పెట్టిన చిత్రం ప్రకారం ఎడమ నుంచి కుడికి వరుస ఇది. ఎస్‌డీఏ అంటే లినక్స్ మీ డిస్క్‌కు పెట్టిన పేరు, పక్కన ఉన్నది పార్టిషన్ నంబరు. ఎస్‌డీఏ1: విండోస్ 7 పెట్టుకున్న 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్. ఎస్‌డీఏ2: విండోస్ 7, 120 జీబీ. ఎస్‌డీఏ3: విండోస్ 10, 200 జీబీ. మిగిలినదంతా ఎస్‌డీఏ4 అనే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్. దాని లోపల ఎస్‌డీఏ5 మీ డి డ్రైవ్, ఎస్‌డీఏ6 మింట్, ఎస్‌డీఏ7 8 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు మింట్ వాడుకునే జాగా), ఎస్‌డీఏ8 పాత పనులు దాచిన 263 జీబీ ఎఫ్ డ్రైవ్. 1 టీబీ అని కొన్న డిస్క్ మీకు 931 జీబీగా కనిపించడం మామూలే. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

ఇది పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్. మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు పార్టిషన్ పట్టికకు, చివరి రెండు గుర్తుకు. పట్టికలో ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్లు, అంటే నలుగురికే చోటు. ఐదో పార్టిషన్ కావాలంటే ఒక దాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి, దాని లోపల గొలుసుగా లాజికల్ పార్టిషన్లు పెట్టుకోవాలి. మీ డి, మింట్, స్వాప్, ఎఫ్ నాలుగూ ఆ గొలుసులో ఉన్నవే.

పవర్ నొక్కినప్పుడు ఏమి జరుగుతుందో చూద్దాం. మదర్‌బోర్డులోని ప్రారంభ ప్రోగ్రామ్ అయిన బయాస్ మొదటి సెక్టారును చదువుతుంది. అక్కడున్న 446 బైట్లలో గ్రబ్ మొత్తం పట్టదు కాబట్టి, అందులో ఉన్నది తర్వాతి భాగం ఏ సెక్టారులో ఉందో చెప్పే చిన్న ముక్క మాత్రమే. ఆ తర్వాతి భాగాన్ని కోర్ ఇమేజ్ అంటారు. అది మొదటి సెక్టారుకూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీలో కూర్చుంటుంది. విండోస్ 7 మొదటి పార్టిషన్‌ను 2048వ సెక్టారు దగ్గర మొదలుపెడుతుంది కాబట్టి మీ డిస్క్‌లో అక్కడ దాదాపు 1 ఎంబీ చోటు ఉంది. ఎక్స్‌పీ కాలంలో 63వ సెక్టారు నుంచే మొదలయ్యేది, చోటు చాలక ఇబ్బందిగా ఉండేది. ఈ కోర్ ఇమేజ్ లోపల, గ్రబ్ మిగతా ఫైళ్లు ఎక్కడున్నాయో ఒక దారి రాసి ఉంటుంది. మీ విషయంలో ఆ దారి మొదటి డిస్క్, ఆరో పార్టిషన్, బూట్ ఫోల్డర్‌లో గ్రబ్. అక్కడికి చేరాక మెనూ ఫైలు తెరుచుకుంటుంది. ఆ మెనూ ఫైలు మాత్రం పార్టిషన్లను యూయూఐడీతో, అంటే ఫైల్‌సిస్టమ్‌కు ఫార్మాట్ చేసినప్పుడు పడ్డ పొడవైన గుర్తింపుతో వెతుకుతుంది.

అంటే ఒకే గ్రబ్‌లో మూడు రకాల చిరునామాలు ఉన్నాయి: మొదటి ముక్కకు సెక్టారు నంబరు, రెండో ముక్కకు పార్టిషన్ నంబరు, మెనూకు యూయూఐడీ. పార్టిషన్ సైజు మారిందా లేదా అన్నది ఈ మూడింటిలో ఎవరికీ పట్టదు. సైజు మార్చినందుకు బూట్‌లోడర్ చెడిపోయిందని అనుకుంటారు కానీ, నిజానికి చెడేది వీటిలో ఏదో ఒక చిరునామా.

లాజికల్ పార్టిషన్ల నంబర్లకు ఒక దుర్గుణం ఉంది. ఒక వీధిలో మధ్య ఇల్లు పడగొడితే ఆ తర్వాతి ఇళ్లన్నిటి డోర్ నంబర్లూ ఒక్కొక్కటి తగ్గించే మునిసిపాలిటీ ఉందనుకోండి, అచ్చం అలాంటిది. ఎస్‌డీఏ5 తీసేసిన మరుక్షణం ఎస్‌డీఏ6 కాస్తా ఎస్‌డీఏ5 అవుతుంది, స్వాప్ వచ్చి ఎస్‌డీఏ6 అవుతుంది. కోర్ ఇమేజ్‌లో మాత్రం ఆరో నంబరే ఉండిపోతుంది. అది ఆరో తలుపు తడితే అక్కడ స్వాప్ ఉంటుంది, చదవగలిగే ఫైల్‌సిస్టమ్ ఉండదు. తెర మీద 'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అని, కింద 'గ్రబ్ రెస్క్యూ' అని ఆగిపోతుంది. విండోస్ 7 రాదు, విండోస్ 10 రాదు, మింటూ రాదు. ద్వారకానగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో సరిగ్గా ఇలాగే, వాడని డ్రైవ్‌ను విండోస్ లోంచి తీసేశాక కంప్యూటర్ ఇక లేవలేదు. లినక్స్‌ను తాకనేలేదు కదా అని వారి ఆశ్చర్యం. తాకలేదు నిజమే, నంబరు మార్చారు అంతే.

విండోస్ వెతికే తీరు వేరు. ఎంబీఆర్ డిస్క్‌లో దాని బూట్ పట్టిక పార్టిషన్ నంబరును నమ్మదు. డిస్క్ సంతకాన్ని, ఆ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో ఆ దూరాన్ని నమ్ముతుంది. నాలుగు బైట్ల ఆ సంతకం మొదటి సెక్టారులోనే 440వ బైటు దగ్గర ఉంటుంది. అందుకే విండోస్ పార్టిషన్‌ను కుడి అంచు నుంచి తగ్గిస్తే ఏమీ కాదు. ఎడమ అంచును జరిపితే మాత్రం రిపేర్ డిస్క్ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ పథకంలో రెండు పొరపాట్లు కనిపిస్తాయి. మొదటిది నంబరు మారడం. రెండోది, డి ఎడమ వైపు ఉంది కాబట్టి ఆ జాగా కలపాలంటే మింట్ మొదలయ్యే చోటును ఎడమకు జరపాలి. అంటే ఉన్న 40 జీబీ డేటా అంతా ఒక చోటి నుంచి మరో చోటికి కాపీ కావాలి. ఆ సేపంతా పార్టిషన్ సగం ఇక్కడ, సగం అక్కడ. మధ్యలో కరెంటు పోతే రెండు చోట్లా లేనట్టే. కుడి వైపు పెంచడానికి డేటా ఒక్క బైటు కూడా కదలనక్కర్లేదు, నిమిషాల్లో తేలిపోతుంది.

కాబట్టి నా సలహా: డి ని అలాగే ఉంచండి. కుడి వైపున్న స్వాప్‌ను, ఎఫ్‌ను తీసేసి, మింట్‌ను కుడికి 140 జీబీ దాకా పెంచి, మిగిలిన సుమారు 170 జీబీలో మళ్లీ ఎఫ్‌ను సృష్టించండి. ఎఫ్‌లో ఉన్న పాత పనులు 90 జీబీ అన్నారు, డి లో ఖాళీ అంతకు రెట్టింపు ఉంది, కాబట్టి తాత్కాలికంగా అక్కడికి పడతాయి. మింట్ నంబరు ఆరే, మొదలయ్యే సెక్టారు అదే, యూయూఐడీ అదే. మూడు చిరునామాల్లో ఒక్కటీ మారదు. స్వాప్‌కు వేరే పార్టిషన్ ఇప్పుడు అవసరం లేదు. మింట్‌కు ఆధారమైన ఉబుంటులో 17.04 నుంచీ మామూలు ఇన్‌స్టలేషన్‌లో స్వాప్ ఫైలే వస్తోంది, మీరూ అదే చేయండి.

కొత్త ఎఫ్ ఎందుకు, పాత పనులు డి లోనే ఉంచేస్తే పోదా అంటారేమో. పేజ్‌మేకర్ వాడే మీకు ఇది ముఖ్యం. పేజీలో పెట్టిన పెద్ద బొమ్మలను అది ఫైలులోకి తీసుకోకుండా పూర్తి దారితో లింకు చేసి ఉంచుకుంటుంది. ఎఫ్ లో ఫలానా ఫోల్డర్‌లో ఉన్న పెళ్లిపత్రిక బొమ్మ డి కి వెళ్లిపోతే, వచ్చే సీజన్‌లో ఎవరైనా పాత కార్డు మోడల్ అడిగినప్పుడు ఫైలు తెరిస్తే బొమ్మ ఎక్కడుందో చెప్పమంటుంది. డ్రైవ్ అక్షరం, ఫోల్డర్ల పేర్లు అవే ఉండాలి.

సన్నాహాల దగ్గర తొందరపడకండి. అసలు పని కంటే వీటికే ఎక్కువ సమయం పోవాలి.

మొదట డిస్క్ ఆరోగ్యం. మింట్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ పెట్టుకుని స్మార్ట్‌సీటీఎల్ నడపండి, లేదా డిస్క్స్ అప్లికేషన్‌లో స్మార్ట్ వివరాలు తెరవండి. 'కరెంట్ పెండింగ్ సెక్టార్' అన్న వరుసలో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఇక్కడే ఆగండి. ఆ డిస్క్ మీద పార్టిషన్లు మార్చకూడదు, ఉన్నది ఉన్నట్టు కాపీ తీసుకుని కొత్తది కొనాలి. ఉప్పుగాలి ఊరిలో ఏళ్ల తరబడి నడుస్తున్న డిస్క్‌ను నేను ఎప్పుడూ అనుమానంగానే చూస్తాను.

తర్వాత బ్యాకప్. డి, ఎఫ్ రెండింటిలోని పని ఫైళ్లూ, మింట్‌లోని మీ హోమ్ ఫోల్డరూ బయటి హార్డ్ డిస్క్‌లోకి వెళ్లాలి. ఎఫ్ ఫైళ్లను డి కి కాపీ చేయడం సౌకర్యం కోసమే, అది బ్యాకప్ కాదు. రెండూ ఒకే డిస్క్ మీద ఉన్నాయి.

పార్టిషన్ పటం కాపీ గురించి ఒక అపోహ తరచూ వింటుంటాను: బైట్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసే డీడీ ఆదేశంతో మొదటి 512 బైట్లు దాచుకుంటే చాలని. మీలాంటి డిస్క్‌కు చాలదు. ఆ 512 బైట్లలో నాలుగు ప్రధాన గళ్లే ఉంటాయి. డి, మింట్, స్వాప్, ఎఫ్ వివరాలు ఎక్స్‌టెండెడ్ లోపల, ఒక్కో లాజికల్ పార్టిషన్ ముందు విడివిడిగా రాసి ఉంటాయి. వాటినీ కలిపి దాచాలంటే ఎస్‌ఎఫ్‌డిస్క్‌ను డంప్ ఐచ్ఛికంతో నడిపి, వచ్చిన అక్షరాలను ఒక ఫైలులోకి తీసుకోండి. చదవగలిగే మామూలు టెక్స్టే అది, కాగితం మీద అచ్చు కూడా వేసుకోవచ్చు. దానితో పాటు డిస్క్ మొదటి 2048 సెక్టార్లను డీడీతో ఒక ఫైలుగా తీయండి, అందులో కోర్ ఇమేజ్ కూడా వచ్చేస్తుంది. బీఎల్‌కేఐడీ చూపించే యూయూఐడీల జాబితా మూడోది. ఈ మూడూ పెన్ డ్రైవ్‌లో ఉండాలి, ఇదే హార్డ్ డిస్క్‌లో కాదు. ఇంకొక జాగ్రత్త: పట్టిక మారిన తర్వాత ఎప్పుడైనా పాత మొదటి సెక్టారును తిరిగి రాయాల్సి వస్తే 446 బైట్లే రాయాలి. 512 రాస్తే పాత పట్టిక కొత్తదాని మీద కూర్చుంటుంది.

విండోస్ వైపు. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీతో హైబర్నేట్‌ను ఆఫ్ చేస్తే అదీ ఆగిపోతుంది. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నొక్కితే సిస్టమ్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, డి, ఎఫ్ డ్రైవ్‌ల గురించిన సమాచారాన్నీ జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. అలాంటి స్థితిలో బయటి నుంచి వాటిని మారిస్తే, అది లేచాక తన పాత జ్ఞాపకాన్నే డిస్క్ మీద రాసేస్తుంది. విండోస్ 7లో ఫాస్ట్ స్టార్టప్ లేదు కానీ హైబర్నేట్ చేసి వదిలేసి ఉంటే అదీ ఇంతే. రెండింటినీ ఒక్కోసారి తెరిచి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. డి మీద చెక్‌డిస్క్ ఒకసారి నడపండి.

మింట్ వైపు. బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు తెరవాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో స్వాప్ వరుస ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టండి. ఎఫ్ డ్రైవ్‌ను అక్కడ మౌంట్ చేసుకుని ఉంటే ఆ వరుసకూ పెట్టండి. పెట్టకపోతే స్వాప్ కోసం సిస్టమ్ ప్రతిసారీ 90 సెకన్లు ఎదురు చూస్తుంది, ఎఫ్ దొరక్కపోతే ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. చూసేవారికి ఇదీ బూట్‌లోడర్ చెడినట్టే కనిపిస్తుంది, గ్రబ్‌ను మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ రోజు గడిచిపోతుంది. ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ ఫోల్డర్‌లో కాన్ఫ్.డీ లోపల రెజ్యూమ్ అనే ఫైలు ఉంటే అందులోనూ పాత స్వాప్ యూయూఐడీ ఉంటుంది. దాని స్థానంలో నన్ అని రాసి, అప్‌డేట్-ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను యూ ఐచ్ఛికంతో నడపండి.

కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు కానీ చెబుతాను. యూపీఎస్ బ్యాటరీ నిజంగా నిలబడుతోందా అన్నది ముందు రోజే ప్లగ్ పీకి చూడండి. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి కరెంటును ఏమి చేసిందో చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు.

ఇక అసలు పని, ఇది చిన్నదే. మింట్ ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన పెన్ డ్రైవ్ ఉంటే దానితోనే బూట్ చేయండి, అందులో పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ ఉంటుంది. తెరవగానే ఎక్స్‌టెండెడ్ మీద, స్వాప్ మీద తాళంచెవి బొమ్మ కనిపిస్తే కంగారు పడకండి. లైవ్ సిస్టమ్, అంటే పెన్ డ్రైవ్ నుంచి నడుస్తున్న మింట్, మీ స్వాప్‌ను తానే వాడేసుకుంటోందని అర్థం. స్వాప్ మీద కుడి క్లిక్ చేసి స్వాప్‌ఆఫ్ ఎంచుకుంటే తాళం పోతుంది. ఎస్‌డీఏ8 డిలీట్, ఎస్‌డీఏ7 డిలీట్. ఆ తర్వాత ఎస్‌డీఏ6 మీద రీసైజ్. అక్కడ మూడు గడులుంటాయి. 'ఫ్రీ స్పేస్ ప్రిసీడింగ్' అన్న మొదటి గడిలోని అంకె, కిటికీ తెరుచుకున్నప్పుడు ఎంతుందో అంతే ఉండాలి. మౌస్‌తో అంచు లాగకండి, చేయి వణికితే ఎడమ అంచు కదులుతుంది. మధ్య గడిలో 143360 అని కొట్టండి, అది 140 జీబీ. మూవ్ అన్న మాట ఎక్కడైనా హెచ్చరికలో కనిపిస్తే క్యాన్సిల్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. మిగిలిన ఖాళీలో ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో కొత్త లాజికల్ పార్టిషన్ పెట్టండి, అది ఎస్‌డీఏ7 అవుతుంది. ఇంతవరకూ డిస్క్ మీద ఏమీ రాయలేదు. కింద పనుల జాబితాను ఒకసారి పైకి చదువుకుని అప్పుడు ఆకుపచ్చ టిక్ నొక్కండి. పెంచేటప్పుడు ముందు పార్టిషన్, తర్వాత ఫైల్‌సిస్టమ్. తగ్గించేటప్పుడు దానికి తలకిందులు. ఈ వరుసను జీపార్టెడ్ తానే చూసుకుంటుంది, తనిఖీ కూడా చేస్తుంది.

ఇదంతా విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎందుకు చేయకూడదని అడగవచ్చు. ఒక్క కారణం చాలు: ఖాళీ పక్కపక్కన లేనప్పుడు మీరు ఏదైనా పెంచబోతే, డిస్క్‌ను డైనమిక్‌గా మారుస్తానని అది ఒక పెట్టె చూపిస్తుంది. మిగతా సిస్టమ్‌లు ఇక బూట్ కావని ఆ పెట్టెలోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. 'యెస్' నొక్కితే మీ మూడు సిస్టమ్‌ల డిస్క్ కథ ముగిసినట్టే.

రీస్టార్ట్ చేసే ముందు అదే లైవ్ సిస్టమ్‌లో ఎఫ్‌డిస్క్‌తో జాబితా తీసి, పెన్ డ్రైవ్‌లోని పాత జాబితా పక్కన పెట్టి చూడండి. ఎస్‌డీఏ1 నుంచి ఎస్‌డీఏ6 దాకా మొదలయ్యే సెక్టార్లు ఒక్క అంకె కూడా తేడా ఉండకూడదు. మింట్ యూయూఐడీ అదే ఉండాలి. ఉంటే రీస్టార్ట్ చేయండి, మెనూ ఎప్పటిలాగే వస్తుంది. వచ్చాక జాగ్రత్త కోసమని గ్రబ్-ఇన్‌స్టాల్ నడపకండి. నడుస్తున్న దాన్ని కదపాల్సిన పని లేదు. మింట్‌లోకి వెళ్లి 4 జీబీ స్వాప్ ఫైలు పెట్టుకోండి: ఎఫ్‌అలకేట్‌తో ఫైలు సృష్టించి, సీహెచ్‌మాడ్ 600 చేసి, ఎంకేస్వాప్, స్వాప్‌ఆన్, ఆపై ఎఫ్‌స్టాబ్‌లో ఒక వరుస. ఎఫ్‌కు విండోస్ 7లో ఒకసారి, విండోస్ 10లో ఒకసారి విడివిడిగా అక్షరం ఇవ్వాలి. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలియదు. తర్వాత డి నుంచి పాత పనులను అవే ఫోల్డర్ పేర్లతో వెనక్కి తెచ్చుకోండి.

ఎంత చేసినా ఒకవేళ గ్రబ్ రెస్క్యూ తెర వస్తే కంప్యూటర్‌ను షాపుకు ఎత్తుకెళ్లకండి. ఫార్మాట్ చేసి ఇవ్వడమే సులువనుకునేవారు ఉంటారు. ఆ తెర మీద ఎల్‌ఎస్ కొడితే పార్టిషన్ల పేర్లు వస్తాయి. ఒక్కోదాని పేరు ఇచ్చి, చివర బూట్, గ్రబ్ ఫోల్డర్ల దారి చేర్చి మళ్లీ ఎల్‌ఎస్ కొట్టండి. ఫైళ్లు కనిపించినదే మింట్. సెట్ ఆదేశంతో ప్రిఫిక్స్‌కు ఆ దారిని, రూట్‌కు ఆ పార్టిషన్‌ను ఇచ్చి, ఇన్స్‌మాడ్ నార్మల్, తర్వాత నార్మల్ అని కొడితే మెనూ తెరుచుకుంటుంది. ఇది ఈ ఒక్కసారికే. మింట్‌లోకి చేరాక గ్రబ్-ఇన్‌స్టాల్‌ను ఎస్‌డీఏ మీద నడిపి, అప్‌డేట్-గ్రబ్ చేస్తే శాశ్వతం. ఎస్‌డీఏ అనే ఇవ్వాలి, ఎస్‌డీఏ6 కాదు. బూట్ రిపేర్ అనే పనిముట్టు కూడా ఉంది, కానీ దాని 'రికమెండెడ్' బటన్ మీరు అడగనివి కూడా మారుస్తుంది. ముందు దానితో నివేదిక మాత్రమే తీయించి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.

జీపీటీ గురించి. మీకు ఆ సలహా ఇచ్చినవారు తమ కొత్త ల్యాప్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పి ఉంటారు. విండోస్ 10తో వచ్చే ఎంబీఆర్‌2జీపీటీ పనిముట్టు ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లు ఉన్న డిస్క్‌ను అసలు ఒప్పుకోదు. వేరే పనిముట్లతో మార్చినా, బయాస్ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయిన రెండు విండోస్‌లూ జీపీటీ డిస్క్ నుంచి బూట్ కావు. 2 టీబీ దాటని డిస్క్‌లో మీకు దానివల్ల ఒరిగేదీ లేదు.

అయితే జీపీటీ, బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఉన్న యంత్రాలతో ఇది చదువుతున్నవారి కోసం నాలుగు మాటలు. మీ దగ్గర నంబర్ల గొడవ లేదు. జీపీటీలో ఐదోది తీసేసినా ఆరోది ఆరోదిగానే ఉంటుంది. మీ చిరునామాలు వేరే చోట ఉన్నాయి. మదర్‌బోర్డు జ్ఞాపకంలో ఉండే బూట్ నమోదు, ఈఎఫ్ఐ పార్టిషన్‌ను దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో వెతుకుతుంది. ఆ 100 ఎంబీ పార్టిషన్ చిన్నదని తీసి పెద్దది పెడితే ఆ సంఖ్య మారిపోతుంది, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్‌తో మళ్లీ నమోదు చేసుకోవాలి. ఉబుంటు రకం సిస్టమ్‌లలో ఆ పార్టిషన్‌లో ఉండే చిన్న గ్రబ్ ఫైలు, రూట్‌ను యూయూఐడీతో వెతుకుతుంది. కాబట్టి రూట్‌ను పెంచవచ్చు, తగ్గించవచ్చు, మళ్లీ ఫార్మాట్ మాత్రం చేయకూడదు. విండోస్ సి డ్రైవ్‌కు కుడి పక్కన రికవరీ పార్టిషన్ అడ్డుగా ఉంటుంది, అది పనికిరానిదని తీసేయకండి. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ ఆ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేక ఎన్నో కంప్యూటర్లలో విఫలమైంది. అన్నిటికంటే ముఖ్యం, డ్రైవ్‌ను తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ బిట్‌లాకర్. కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరు పెట్టకపోయినా అది ఆన్ అయి ఉండవచ్చు. 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుండా, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయకుండా ఏ పార్టిషన్‌నూ తాకకండి. సి ని తగ్గించే పని విండోస్ లోంచే చేయండి. ఇంకొకటి, గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటుంది. అప్‌డేట్-గ్రబ్ చేశాక మెనూలో విండోస్ మాయమైతే డిస్క్ చెడిపోయిందని అనుకోకుండా ముందు గ్రబ్ డిఫాల్ట్ ఫైలులో ఆ సెట్టింగ్ చూడండి.

చివరిగా మీ ఎస్‌ఎస్‌డీ. వచ్చే నెలలోనే కొనేటట్టయితే పైన చెప్పిన సర్దుబాటు వాయిదా వేసి, డిస్క్‌లను కాపీ చేసే క్లోన్‌జిల్లాతో మొత్తం డిస్క్‌ను నేరుగా కొత్తదానికి తీసుకోవడం మేలు. పాతది చెక్కుచెదరకుండా అలమరలో ఉంటుంది, సర్దుబాటు కొత్తదాని మీద చేసుకోవచ్చు. 1 టీబీ అని రాసి ఉన్నా రెండు కంపెనీల డిస్క్‌ల సెక్టార్ల సంఖ్య ఒకటే ఉండాలని లేదు. కొత్తది కొంచెం చిన్నదైతే క్లోన్‌జిల్లా మొరాయిస్తుంది, కాబట్టి కొనేటప్పుడు పెట్టె మీది టీబీ అంకెతో ఆగకుండా సెక్టార్ల సంఖ్యను మీ పాత డిస్క్‌దానితో పోల్చి, సమానంగానో ఎక్కువగానో ఉన్నదే తీసుకోండి. 960 జీబీది వద్దు. క్లోన్ అయ్యాక రెండు డిస్క్‌లకూ ఒకే సంతకం, ఒకే యూయూఐడీలు ఉంటాయి. రెండూ తగిలించి బూట్ చేస్తే గ్రబ్ దేన్ని తెరిచిందో మీకు తెలియదు, విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది, అక్కడ ఆన్‌లైన్ నొక్కితే దాని సంతకం మార్చేస్తుంది. మొదటి బూట్‌కు ముందే పాత డిస్క్ కేబుల్ పీకేయండి.